లిస్టులో రిచర్డ్ లేడు

ఆ వేసవి తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది ఎండ కాదు, నా కాళ్ళ నొప్పి. తొంభై ఆరు, జూలై నెల. దోహాలో మా ఆసుపత్రి నర్సుల్లో సగం మంది సెలవు మీద ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలిన వాళ్ళం రెండేసి డ్యూటీలు చేస్తున్నాం. నాది పిల్లల వార్డు. పొద్దున్న ఏడింటికి ఎక్కితే సాయంత్రం ఏడింటికి దిగడం. ఇంటికొచ్చి సోఫాలో కూలబడితే బూట్లు విప్పుకునే ఓపిక కూడా ఉండేది కాదు. మా ఆయన సైలస్ ఒక్కోసారి వంగి తనే విప్పేవాడు. ఆయనదీ నాలాంటి బతుకే, ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్సు చూసేవాడు.

పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. సైలస్ మంచివాడే కానీ తన ఇంటి సంగతులు నోరు తెరిచి చెప్పే మనిషి కాదు. నేనూ గుచ్చి గుచ్చి అడిగే రకం కాదు. అడిగి ఉండాల్సింది. మాది గుడివాడ దగ్గర, వాళ్ళది రాజోలు వైపు. వాళ్ళ నాన్న సత్యవేదం మాస్టారు ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారని, ఆ ఇంట్లో ఆయన మాటే శాసనమని, అంతవరకే నాకు తెలుసు.

మా ఇంట్లో మాటలన్నీ మా మరిది రిచర్డ్‌వే. అల్ షహానియా దగ్గర ఒంటెల పందేలు జరిగే మైదానం వైపు రోడ్డు వేస్తున్న కంపెనీలో సర్వేయరు. గురువారం సాయంత్రం క్యాంప్ నుంచి వచ్చి శుక్రవారం సాయంత్రం దాకా మా దగ్గర ఉండేవాడు. వెంట రాజేశం వచ్చేవాడు. రాజేశంది జగిత్యాల వైపు పల్లెటూరు. రిచర్డ్ మెషీన్లో చూస్తుంటే దూరంగా కొలతకర్ర పట్టుకుని నిలబడే పని అతనిది. మా శుక్రవారం ప్రార్థనకు కూర్చునేవాడు కాదు, నా చేపల పులుసుకు మాత్రం ముందు కూర్చునేవాడు. నన్ను 'సిస్టరక్కా' అని పిలిచేవాడు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అదే మాట అని చెప్పినా మానలేదు.

రిచర్డ్‌కు తన పేరంటే పిచ్చి. అత్తగారి కాన్పు కష్టమైతే మిషను ఆసుపత్రిలో ఇంగ్లీషు డాక్టరమ్మ తల్లినీ బిడ్డనీ దక్కించి, పోయిన తన తండ్రి పేరు ఆ బిడ్డకు పెట్టిందట. పేర్ల అర్థాలు చెప్పే చిన్న పుస్తకం ఒకటి కూడా ఇచ్చిందట. అందులో 'ఆర్' అక్షరం పేజీని జిరాక్స్ తీయించి పర్సులో పెట్టుకుని తిరిగేవాడు మా వాడు. ఎవరైనా కొత్తవాళ్ళు కనబడితే చాలు, ఆ కాగితం బయటికొచ్చేది.

జూలై మొదట్లో ఒక శుక్రవారం, కొత్తవాళ్ళెవరూ దొరక్క, మళ్ళీ రాజేశం మీదే పడ్డాడు.

"రిచర్డ్ అంటే పాత జర్మను మాట, రాజేశం. రిక్ అంటే ఏలడం. హార్డ్ అంటే గట్టి. గట్టిగా ఏలేవాడన్నమాట."

"నాలుగుసార్లు జెప్పినవన్నా," అన్నాడు రాజేశం ముల్లు తీసుకుంటూ. "గట్టిగ ఏలుడేమో గని, ఫోర్‌మన్ యల్లా, నడువుండ్రి అని కేకేస్తె నాకన్న ముందు నువ్వే ఉరుకుతవు."

"ఇంగ్లండుకి రిచర్డ్‌లు ముగ్గురు రాజులు. మొదటివాణ్ణి సింహం గుండెవాడనేవారు. ఈ అరబ్బు దేశాల వైపే వచ్చి సలాదీన్‌తో యుద్ధం చేశాడు. పదేళ్ళు రాజుగా ఉంటే, అందులో ఇంగ్లండులో ఉన్నది ఆర్నెల్లే తెలుసా?"

"పదేండ్లల్ల ఆర్నెల్లేనా ఇంటికాడ?" రాజేశం తినడం ఆపాడు. "అంటె గాయన గూడ మన లెక్క దుబాయోడే గద!"

"తిరిగి వెళ్తుంటే దారిలో వేరే దేశంవాళ్ళు పట్టుకుని ఖైదు చేశారు."

"పాస్‌పోర్టు లేకుంట పోయిండా ఏంది?"

నేను నవ్వాపుకోలేక, "మరి మిగతా ఇద్దరి సంగతీ?" అన్నాను.

"రెండోవాణ్ణి గద్దె దించి కోటలో బంధించారు వదినా. అక్కడే పోయాడు. మూడోవాడు యుద్ధంలో పోయాడు. సమాధి ఎక్కడుందో కూడా తెలీదట."

"ముగ్గురిలో ఒక్కడూ సుఖపడలేదు. ఇంత మంచి పేరు వెతికి పెట్టింది నీకా డాక్టరమ్మ."

"అమెరికా ప్రెసిడెంటు కూడా ఉన్నాడండీ. రిచర్డ్ నిక్సన్."

"ఆయన రాజీనామా చేసి ఇంటికెళ్ళాడు కదరా!" అన్నాడు సైలస్ వంటింట్లోంచి. ఆ వేసవి మొత్తంలో ఆయన గట్టిగా నవ్వింది అప్పుడే.

"క్రికెట్ల రిచర్డ్స్ ఉన్నడు గదన్నా, గాయినను జెప్పవేంది? నాకు గాయినే ఎర్క," అన్నాడు రాజేశం.

"అది ఇంటిపేరు రాజేశం. లెక్కలోకి రాదు."

వెళ్ళేటప్పుడు రాజేశం నాతో రహస్యంగా, "ఇంకో పేరున పిలిస్తె పలకనే పలకడక్కా. ఫోర్‌మన్ ఏందో పిలుస్తడు, ఈన ఇనవడనట్టె ఉంటడు," అన్నాడు. ఫోర్‌మన్‌లు మనుషుల్ని నానా రకాలుగా పిలుస్తారు, ఆ మాటలకు పలక్కపోవడం మంచిదే అనుకున్నాను.

మూడో వారంలో బుధవారం. డ్యూటీ దిగి బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటున్నాను. రెండో అంతస్తులో మగవాళ్ళ వార్డు చూసే తెరెసా వచ్చింది. కేరళ పిల్ల. మేమిద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్ళం.

"దేవకుమారీ, మీ ఆంధ్రావాడొకడు వచ్చాడు మా వార్డుకి. వడదెబ్బ. మధ్యాహ్నం ఎవరో డ్రైవరు తెచ్చి పడేసి పోయాడు. జేబులో బతాకా కార్డు ఉంది కాబట్టి పేరైనా తెలిసింది. రాజారావు అట. పేరడిగితే మాత్రం ఇంకెవరి పేరో చెప్తున్నాడు. రాజారావూ అని పిలిస్తే గొడవ. ఒక్కసారి వచ్చి మీ భాషలో మాట్లాడకూడదూ?"

వడదెబ్బ బాగా తగిలితే అంతే. పేరు తెలియదు, ఊరు తెలియదు, రోజు తెలియదు. అలాంటివాళ్ళను ఆ నెలలో రోజుకిద్దర్ని తెస్తున్నారు.

"రేపొస్తాను తెరెసా. కాళ్ళు పట్టుకుపోయాయి," అన్నాను.

"ఐదు నిమిషాలే."

"రేపు తప్పకుండా."

ఆమె బలవంతం చేయలేదు, ఆమెకూ ఓపిక లేదు. నేను లిఫ్టెక్కాను. రెండో అంతస్తులో ఎవరో ఎక్కడానికి ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఇంటికి వచ్చి పడుకున్నాను. మర్నాడు పిల్లల వార్డులో ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. ఆ హడావుడిలో ఆ రాజారావు సంగతే మర్చిపోయాను.

గురువారం సాయంత్రం రాజేశం ఒక్కడే వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రిచర్డ్ లుంగీ, బ్రష్షు, సబ్బు.

"అన్న ఎట్లున్నడు సిస్టరక్కా?"

"ఏ అన్న?"

"ఏ అన్నేంది? రిచర్డన్న. నిన్న మిట్టమధ్యానం సైట్ల పడిపోయిండు గద. ఒళ్ళు పొయ్యి లెక్క కాలుతున్నది. పికప్‌ల ఏస్కొని దవఖానకు తీస్కపోయిండ్రు. నీ దవఖానకే తెచ్చిండ్రనుకున్న. నువ్వే సూస్తున్నవని నిమ్మలంగ పన్న అక్కా నేను."

గోడ పట్టుకుని కుర్చీ దాకా వెళ్ళి, మా ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకే ఫోన్ చేశాను. తెరెసాకు రెండు రోజులు సెలవు. ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎత్తింది.

"నిన్న చేరిన వాళ్ళలో రిచర్డ్ ఉన్నాడా? ఇండియన్. ఇరవయ్యేడేళ్ళు."

కాగితాలు తిప్పిన చప్పుడైంది. "రిచర్డ్ లేడు సిస్టర్."

"ఆంధ్రావాళ్ళెవరైనా?"

"ఒకడున్నాడు. రాజారావు. మతిలో లేడు."

"అతను కాదు," అని ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు వింటే మీకు నమ్మబుద్ధి కాదు. నాకూ కాదు. పన్నెండు నిమిషాల దూరంలో ఉన్న వార్డుకి పోయి ఒక్కసారి మొహం చూసి రావచ్చు కదా అని ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో. కానీ పదేళ్ళ ఉద్యోగంలో నేను మనుషుల్ని పేర్లతోనే వెతికాను. మంచానికి వేలాడే కాగితం మీద ఏది ఉంటే అదే మనిషి నాకు.

సైలస్ వచ్చాక ఊళ్ళో ఉన్న ఆసుపత్రులన్నిటికీ, క్లినిక్కులన్నిటికీ ఫోన్లు చేశాడు. ప్రతిచోటా ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాడు, ఆర్, ఐ, సి, హెచ్ అంటూ. ప్రతిచోటా లేడనే అన్నారు. రాజేశం గుమ్మం దగ్గర కింద కూర్చుని ఆ అక్షరాలు వింటూ ఉన్నాడు. అన్నం పెడితే ముట్టలేదు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురం టాక్సీ చేసుకుని షహానియా క్యాంప్‌కు వెళ్ళాం. క్యాంప్ బాస్ బుర్హానుద్దీన్ అని బీహారు పెద్దాయన. నమాజుకు తయారవుతూ తెల్లబట్టల్లో ఉన్నాడు. రిజిస్టరు తెచ్చి కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూశాడు.

"లిస్టులో రిచర్డ్ లేడు మేడమ్," అన్నాడు హిందీలో.

"బుధవారం ఆసుపత్రికి పంపారు కదా, ఆ మనిషి," అన్నాను.

"ఒకణ్ణి పంపాం, పేరు గుర్తులేదు. ఆ కాగితం ఆఫీసులో ఉంది. ఇవాళ జుమ్మా, తాళం వేసుంది. డ్రైవరు రువైస్‌లో తమ్ముడి దగ్గరికెళ్ళాడు. రేపు రండి."

"తొమ్మిది నెలలుగా ఇక్కడ పని చేస్తున్న సర్వేయరు లిస్టులో లేకపోవడమేంటి?" సైలస్ గొంతు లేచింది. ఆయన అలా అరవడం నేను అంతకుముందు చూడలేదు. "మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి మనిషిని పడగొట్టారు. ఇప్పుడు అసలా మనిషే లేడంటారా? ఏం చేశారు మా వాణ్ణి?"

బుర్హానుద్దీన్ నొచ్చుకున్నాడు. రిజిస్టరు మా వైపు తిప్పి, "మీరే చూసుకోండి భాయ్," అన్నాడు. సైలస్ వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చూసుకుంటూ కిందికి దిగాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. నేను భుజం మీంచి చూస్తూనే ఉన్నాను. రిచర్డ్ లేడు.

"అన్న గీన్నే ఉంటడు, గా మంచం మీదనే పంటడు," అని రాజేశం మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. మంచం ఉంది, దుప్పటి ఉంది, గోడకు తగిలించిన చొక్కా ఉంది. సైలస్ ఆ చొక్కా తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. కంపెనీవాళ్ళు వాణ్ణి దాచేస్తున్నారనీ, చచ్చిపోయాడేమోననీ తిరుగు ప్రయాణంలో ఇద్దరం ఎవరికి వారం మనసులో అనుకున్నాం.

శుక్రవారాలు నాలుగింటికి మా హాల్లో తెలుగువాళ్ళ ప్రార్థన. రద్దు చేద్దామంటే రెజీనా ఆంటీ ఒప్పుకోలేదు. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడమ్మా," అంది. ఆవిడ నరసాపురం మనిషి, అందరికంటే పెద్దది. పదిమంది దాకా వచ్చారు. ఏసీ సరిగ్గా పని చేయడం లేదు. అందరం కళ్ళు మూసుకున్నాం.

"పేరు పేరునా మమ్మల్ని ఎరిగిన తండ్రీ," అని మొదలుపెట్టింది రెజీనా ఆంటీ. "నీ బిడ్డ రిచర్డ్ ఎక్కడున్నాడో మాకు తెలియదు, నీకు తెలుసు. రిచర్డ్ అని మేం పిలుస్తున్నాం, నీవు కూడా ఆ పేరుతో పిలువు తండ్రీ..."

పక్కనుంచి సైలస్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి.

"దేవీ," అన్నాడు గుసగుసగా. "వాడి పాస్‌పోర్టులో రిచర్డ్ అని లేదు."

"మరి?"

"రాజారావు."

ప్రార్థన సాగుతూనే ఉంది. నేను లేచి నిలబడ్డాను. కాళ్ళ నొప్పి తెలియలేదు.

ఆసుపత్రికి పోతూ టాక్సీలో చెప్పాడు సైలస్. రెండేళ్ళలో చెప్పనిది పన్నెండు నిమిషాల్లో చెప్పాడు. ఆయన పదో తరగతి మంచి మార్కులతో పాసై పాలిటెక్నిక్‌కు వెళ్దామనుకుంటే, తాలూకా ఆఫీసులో పేరు చూశారట. సైలస్ అంటే క్రైస్తవుడు, క్రైస్తవుడికి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వం అన్నారట. ఆ సీటు పోయింది. ఆ ఏడే చిన్నవాణ్ణి ఆరో తరగతిలో వేయాలి. హెడ్మాస్టరు మామయ్యగారే కదా, టీసీ ఆయన చేతిలోనే ఉంది. డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకం తీసి, రిచర్డ్ అంటే ఏమిటో చూసి, ఏలేవాడని ఉంటే, రాజారావు అని రాశారట.

"అబద్ధం రాయలేదురా, అర్థమే రాశాను అన్నారు నాన్న. ఆదివారం గుడిలో రిచర్డ్, బడిలో రాజారావు. గుడిలో రెండోది అనొద్దు, బడిలో మొదటిది అనొద్దు అన్నారు. వాడు బడిలో రోజూ ఏడ్చేవాడు. పాలిటెక్నిక్ సీటు ఆ పేరు మీదే వచ్చింది. ఇక్కడికొచ్చాక, ఇక నన్నెవరూ ఆ పేరుతో పిలవక్కర్లేదన్నాడు. మేం మర్చిపోయాం దేవీ. నిజంగా మర్చిపోయాను. పొద్దున్న ఆ రిజిస్టర్లో నా వేలు ఆ పేరు మీంచే పోయింది."

ఐదు నిమిషాలే అన్న తెరెసా మాట చెవిలో ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు ఇంకో ఏడేళ్ళు పట్టింది.

రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. గడ్డం పెరిగి, పెదాలు పగిలి, సగం మనిషయ్యాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. రెండు మణికట్ల చుట్టూ ఎర్రగా చారలున్నాయి. అవేమిటో నాకు తెలుసు. లేచి పడిపోతారనుకున్న వాళ్ళను మేం గాజుగుడ్డతో మంచం కమ్మీకి కడతాం. నా చేతులతో నేనెంతమందిని కట్టానో లెక్క లేదు.

అలవాటుగా ముందు కాగితమే తీశాను. బుధవారం: రోగికి తన పేరు తెలియడం లేదు. గురువారం పొద్దున: ఇంకా తప్పు పేరే చెబుతున్నాడు, మంచం దిగబోతున్నాడు, చేతులు కట్టాం. గురువారం సాయంత్రం: అదే పేరు. శుక్రవారం రెండు గంటలకు: పేరు సరిగా చెప్పాడు, మతి కుదుటపడింది, కట్లు విప్పాం.

రెండు రోజుల పాటు అతను చెప్పింది తన పేరే. ఊరూ రోజూ తప్పాడేమో కానీ పేరు తప్పలేదు. చెప్పినన్ని సార్లూ పిచ్చి కింద రాసుకున్నారు. ఆ రాసినవాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే రాసేదాన్ని. కాగితం మళ్ళీ మంచానికి తగిలించాను.

"రిచర్డ్," అని పిలిచాను.

కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు, వాళ్ళన్నయ్యను చూశాడు. సంతోషపడతాడనుకున్నాను. అతని చూపు మమ్మల్ని దాటి, వార్డు మధ్యలో బల్ల దగ్గర రాసుకుంటున్న నర్సు వైపు పోయింది. ఆమె వినలేదని తేల్చుకున్నాక అన్నాడు.

"రాజారావు అనండి వదినా. అలా చెప్తేనే కట్లు ఇప్పారు."

సైలస్ మంచం చివరికి వెళ్ళి తమ్ముడి రెండు పాదాలూ పట్టుకుని నిలబడ్డాడు. నర్సు వచ్చి సందర్శకుల టైమైపోయిందని చెప్పేదాకా వదల్లేదు.

పన్నెండు రోజులున్నాడు ఆసుపత్రిలో. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఎండలో పని ఇక కుదరదన్నారు. కంపెనీ వీసా రద్దు చేసి ఇంటికి పంపిస్తానంది. మా ఇంటికి తీసుకెళ్ళే రోజున కింద కౌంటరు దగ్గర కాగితాలు చూసే నఫీసా సైలస్ బతాకా, రిచర్డ్ బతాకా పక్కపక్కన పెట్టుకుంది. సూడాన్ ఆవిడ, నన్ను ఎరిగినదే.

"సైలస్ క్రిస్టియన్. రాజారావు హిందువు. తీసుకెళ్ళే మనిషి పేషెంటుకి ఏమవుతాడు?" అంది పెన్ను పట్టుకుని. ఆమె అడిగింది మామూలుగానే. రాయాల్సిన గడి ఒకటి ఖాళీగా ఉంది, అంతే.

సైలస్ నోరు తెరిచాడు. అంతలో చక్రాల కుర్చీలోంచి, "ఫ్రెండ్ మేడమ్," అన్నాడు రిచర్డ్.

ఆమె అదే రాసింది. సైలస్ ఆ గడి పక్కన సంతకం పెట్టాడు. కాదని చెప్పి గొడవ పెంచితే మళ్ళీ లోపలికి పంపుతారేమోనని భయపడ్డాడని తర్వాత నాతో అన్నాడు. నేను నమ్మాను.

టికెట్టు వచ్చేదాకా మూడు వారాలు మా ఇంట్లోనే ఉన్నాడు. హాల్లో ఏసీ కింద పరుపు వేశాను. పెట్టిందల్లా తినేవాడు, ఇచ్చిన మందల్లా మింగేవాడు. మాటలు మాత్రం లేవు. సైలస్ 'తమ్ముడూ' అనేవాడు, నేను 'ఇదిగో అబ్బాయ్' అనేదాన్ని. పేరు పెట్టి పిలవడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

రాజేశం గురువారం వచ్చాడు. గుమ్మంలోంచే, "రిచర్డన్నా!" అని కేక పెట్టాడు. లోపల్నుంచి జవాబు రాలేదు. రాజేశం నా మొహం చూశాడు. మెల్లగా వెళ్ళి పరుపు పక్కన కూర్చుని, "అన్నా," అన్నాడు.

"రా రాజేశం. కూర్చో."

"కొత్త సర్వేయరచ్చిండు. పాకిస్తానోడు. మంచోడే గని ముచ్చట చెప్పరాదు. నువ్వు గా సింహం గుండె రాజు ముచ్చట చెప్పన్నా ఒకపారి."

"ఏముంది రాజేశం. ఎప్పుడో పోయాడు."

రాజేశం ఆ రోజు పులుసు నాకోసం తిన్నట్టు తిని, తొందరగా లేచి వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర చొక్కాతో కళ్ళు తుడుచుకోవడం కిటికీలోంచి చూశాను.

ఆ మర్నాడు నాకు ఒళ్ళు మండింది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చేసరికి అతను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, పెట్టిన పాలు పెట్టినట్టే ఉన్నాయి.

"ఇది ఆసుపత్రి కాదు," అన్నాను. "మా ఇల్లు. ఇక్కడ నిన్నెవరూ కట్టేయరు. నేను నిన్ను రిచర్డ్ అనే పిలుస్తాను. నువ్వు పలకాలి. మొన్నటిదాకా ఆ కాగితం పట్టుకుని ప్రాణం తీశావు కదా, ఇప్పుడేమైంది ఆ గట్టితనం?"

అతను ఇటు తిరిగాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

"పిలవండి వదినా. మీ ఇష్టం. నాకేం బాధ లేదు. కానీ రేపు నేను మళ్ళీ ఎక్కడో పడిపోతే మీరు ఎవర్ని వెతుకుతారు?"

పాలు వేడి చేసి తెచ్చి మళ్ళీ పక్కన పెట్టాను. తాగాడు.

ఆగస్టు నడిమిలో ప్రయాణం. సైలస్ మధ్యాహ్నం సెలవు పెట్టాడు. నేను డ్యూటీ మార్చుకున్నాను. రాజేశానికి సెలవు దొరకలేదు. విమానాశ్రయం ముందర కంపెనీలవాళ్ళు పంపించేస్తున్న మనుషులు బ్యాగులకు తాళ్ళు కట్టుకుని గుంపులుగా నిలబడి ఉన్నారు. నేను మందుల పొట్లం మీద ఏది ఎప్పుడు వేసుకోవాలో రాసి ఇచ్చాను. "నాన్నతో ఏం చెప్తావు?" అని అడిగాడు సైలస్. "వంట్లో బాగోలేదని చెప్తాను," అన్నాడు అతను. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పక్కపక్కన నిలబడ్డారు. ఉక్కపోతకు ముగ్గురి బట్టలూ ఒంటికి అతుక్కుపోయాయి.

కంపెనీ మనిషి ఒకడు పాస్‌పోర్టుల కట్ట చేత్తో పట్టుకుని తలుపు దగ్గర మెట్టెక్కాడు. ఒక్కొక్కటీ తెరిచి పేరు చదివి కేకేస్తున్నాడు. పిలిచినవాడు పరుగెత్తుకెళ్ళి తీసుకుంటున్నాడు. నాలుగైదు పేర్లయ్యాయి. మా వాడిని ఎప్పుడు పిలుస్తాడా అని నేనూ సైలస్ అటే చెవులు పెట్టి వింటున్నాం.

"రాజారావు!" అని అరిచాడు.

ఎవరా అని మేమిద్దరం తలలు తిప్పి గుంపులోకి చూశాం. మా మధ్య నిలబడ్డ మనిషి అప్పటికే బ్యాగు భుజానికెత్తుకుని ముందుకు నడుస్తున్నాడు.